తండ్రిగా నా బాధ్యత: 612 పేజీలు

ముందుగా ఒక విషయం రికార్డులో పెట్టేస్తున్నా. నేను ఆ పుస్తకం చదవలేదు, తనిఖీ చేశాను. ఇరవై రెండేళ్ళుగా ఆడిట్ ఉద్యోగం చేస్తున్నవాడికి ఆ రెంటికీ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

జరిగిందేంటంటే, మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ పరీక్షలయ్యాక సెలవుల్లో ఇటికరాయంత పుస్తకం ఒకటి తెచ్చుకుంది, ఫ్రెండ్ ఇచ్చిందంట, నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు కత్తి, కత్తికి చుట్టుకుని గులాబీ తీగ, అట్ట తిప్పితే మ్యాపు. ఏ దేశానిదా అని చూస్తే అసలు లేని దేశానిది. లేని దేశానికి నది ఉంది, ఆ నదికి రెండు ఉపనదులు కూడా ఉన్నాయి. ఇలాంటి అనుమానాస్పదమైన పత్రం ఇంట్లోకొస్తే బాధ్యత గల తండ్రి చూస్తూ ఊరుకోడు కదా, అందుకని రాత్రి పదింటికి తెరిచాను. తెల్లారుజామున మూడుంబావుకి మా ఆవిడ లేచొచ్చి హాల్లో ఇంకా లైటెందుకు వెలుగుతోందంది. అభ్యంతరకరమైనవి ఏమన్నా ఉన్నాయేమో చూస్తున్నానన్నాను. ఉన్నాయా అంది. ఇంకా దొరకలేదు, అందుకే చూస్తున్నానన్నాను. అబద్ధమాడే అలవాటు నాకు లేదు.

తనిఖీలో తేలినవి ఇవీ. హీరోయిన్‌కి పదిహేడేళ్ళు, గుర్రపుశాలలో పేడెత్తుకుంటూ ఉంటుంది, తనది రాజవంశమని ఆ గుర్రాలకి కూడా తెలుసు, తనకొక్కదానికే తెలీదు. శత్రుదేశం యువరాజు ఒకడు, నల్లజుట్టు, ఎప్పుడు నవ్వినా పెదవి ఒక పక్కకే లేస్తుంది, లెక్కెడితే 41 సార్లు లేచింది, ఇదేమన్నా పక్షవాతమేమోనని పదిహేడోసారి మార్జిన్లో పెన్సిల్‌తో ప్రశ్నార్థకం కూడా పెట్టాను. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చంపుకోవాలని బయల్దేరతారు, దారిలో తుఫాను, అడవిలో ఒక సత్రం, సత్రంలో ఒకే గది, గదిలో ఒకే మంచం. ఉద్యోగరీత్యా నేను ఎన్ని బస్టాండుల దగ్గర ఎన్ని లాడ్జీల్లో దిగానో నాకే గుర్తులేదు, సింగిల్ రూమడిగితే డబుల్ అంటగట్టి డబుల్ రేటు పిండినవాళ్ళే కానీ మంచాలు లేవని చేతులెత్తేసిన మేనేజర్ని ఇంతవరకు చూళ్ళేదు, కాబట్టి ఈ ఘట్టానికి ఆధారాల్లేవని రాసుకున్నాను. ఆ మంచం మధ్యలో కత్తి పెట్టుకుని చెరో పక్కకి తిరిగి పడుకున్న పద్నాలుగు పేజీలు మాత్రం రెండుసార్లు తనిఖీ చెయ్యాల్సొచ్చింది, మొదటిసారి కళ్ళజోడు సరిగ్గా తుడవలేదు.

ఇది మా ఇంటి సమస్యే అనుకుంటే పొరపాటు. 2012లో అమెరికాలో బౌకర్ అనే సంస్థ లెక్క తీసింది, 12 నుంచి 17 ఏళ్ళ పిల్లల కోసమని వేసిన పుస్తకాలు కొనేవాళ్ళలో 55 శాతం మంది పద్దెనిమిది నిండినవాళ్ళేనంట. ఎవరికోసం కొంటున్నారయ్యా అని అడిగితే 78 శాతం సార్లు మాకోసమే అన్నారంట, సిగ్గు లేకుండా. మిగతా 22 శాతం నాలాంటి తనిఖీ అధికారుల ఖాతా అని నా అంచనా. 2000లో అయితే ఇంకా ఘోరం, హారీ పాటర్ పుస్తకాలు న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ లిస్టులో పైన పీటలేసుకుని కూచుని పెద్ద రచయితల్ని కదలనివ్వకపోతే, ఆ పత్రికవాళ్ళు పెళ్ళిళ్ళలో పిల్లల బంతి విడిగా వేసినట్టు పిల్లల పుస్తకాలకి వేరే లిస్టు పెట్టేశారు. అయినా ఆ బంతిలో వడ్డించేది తినేది పెద్దాళ్ళే. బ్రిటన్‌లో ఆ పుస్తకాలు ప్రచురించే బ్లూమ్స్‌బరీ వాళ్ళు ఇంకో మెట్టు పైకెక్కి, పెద్దాళ్ళు నలుగురిలో మొహమాటపడకుండా హారీ పాటర్‌ని వేరే అట్టతో వేశారు, లోపల ఒక్క అక్షరం మారలేదు. ఈ పద్ధతి నాకు నచ్చింది. మర్నాడే బ్రౌన్ పేపర్ అట్ట వేసి, పైన స్కెచ్ పెన్‌తో 'జీఎస్టీ సవరణలు' అని రాసి ఆఫీసుకి పట్టుకెళ్ళాను. ఎవ్వరూ ముట్టుకోలేదు.

పట్టుబడింది ఇంట్లోనే, మా నాన్న దగ్గర. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, అట్ట కింద ఏముందో చూసే అలవాటు ఇంకా పోలేదు. "నలభై ఆరేళ్ళొచ్చాయి, నీ వయసేంటిరా నువ్వు చదివేదేంటి" అన్నారు. వయసు సంగతయితే ట్విలైట్ అని 2005లో ఒక పుస్తకం వచ్చింది నాన్నా, అందులో హీరో 1901లో పుట్టాడు, 1918లో స్పానిష్ ఫ్లూతో పోవాల్సినవాడు రక్తపిశాచి అయిపోయి ఇంకా స్కూలుకి వెళ్తూనే ఉన్నాడు, నూరేళ్ళు దాటినవాడు క్లాసులో కూచోవచ్చు కానీ నలభై ఆరేళ్ళవాడు పుస్తకం పట్టుకోకూడదా అన్నాను. ఆయన సమాధానం చెప్పలేదు, రిమోట్ తీసుకున్నారు.

టీవీలో ఏమొస్తోందనుకున్నారు, పాతాళభైరవి. 1951 నాటిది, మా నాన్న ఎన్నోసారి చూస్తున్నారో ఆయనకే లెక్క తెలీదు, లెక్కల మాస్టారయ్యుండి. ఎస్వీ రంగారావు గుహలోకి అడుగుపెట్టేసరికి పెరుగన్నం ముద్ద కలిపిన చెయ్యి కంచానికీ నోటికీ మధ్యలో ఆగిపోయింది, అలా ఆగిందాగినట్టే ఉంది, వేళ్ళ మీద పెరుగు ఎండి తెల్లగా పెచ్చులు కట్టింది. "నాన్నా, తర్వాతేమవుతుందో మీకు తెలుసుగా" అన్నాను. "తెలుసు, మాట్లాడకు" అన్నారు.

ఇప్పుడు ఆడిటర్‌గా నా అభ్యంతరం వినండి. అక్కడ తోటమాలి కొడుకు, ఇక్కడ గుర్రాల కొట్టంలో పిల్ల. అక్కడ రాకుమారి, ఇక్కడ రాకుమారుడు. అక్కడా ఇక్కడా బలివ్వడానికి తీసుకెళ్ళే మాయగాడు, భూమి లోపల గుహ, చేతికి దొరికితే అడిగిందల్లా ఇచ్చే వస్తువు, అది మళ్ళీ దొంగ చేతిలో పడ్డం. ఒకే బిల్లు రెండు తారీఖులతో పెట్టినట్టుంది, కానీ ఒకటేమో క్లాసిక్ అని పాసైపోయింది, రెండోదేమో పిల్లచేష్ట అని వెనక్కొచ్చింది. ఇదే మాట మా నాన్నతో అంటే, అది కాశీమజిలీ కథల్లోంచి తీసుకున్నదిరా, మధిర సుబ్బన్న దీక్షితులుగారు పన్నెండు భాగాలు రాశారు, సాహిత్యం అన్నారు. పన్నెండు భాగాలంట. నేను రెండో భాగంలో ఉన్నందుకే ఇంత గొడవ.

అవును, రెండో భాగం. మొదటిది సరిగ్గా వంతెన తెగిపోయే చోట ఆపేశారు, అక్కడ తనిఖీ ముగిస్తే విధినిర్వహణలో నిర్లక్ష్యం కిందికొస్తుంది. ఈలోపు మా అమ్మాయికి సెకండియర్ క్లాసులు మొదలై పాపం అరవయ్యో పేజీ దగ్గరే ఉండిపోయింది, నేను ముందుకెళ్ళిపోయాను. ఒకరోజు అన్నాల దగ్గర, కేవలం పిల్ల మనసు గట్టిపడాలని, "ఆ నల్లజుట్టోడి మీద మరీ ఆశలు పెట్టుకోకమ్మా" అన్నాను. అంతే. మా అమ్మాయి ముద్ద కంచంలో పడేసి లేచింది, "తాతయ్యా, నాన్న స్పాయిలర్ చెప్పేశాడు" అని ఏడుపు, మా నాన్నకి స్పాయిలర్ అంటే ఏంటో తెలీదు కానీ నేరం తీవ్రత అర్థమైంది, సగంలో ఉన్న రెండో భాగం, ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా విప్పని మూడో భాగం రెండూ తన బీరువాలో పెట్టి తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు.

అప్పీలు చేసుకున్నాను. అసలు ఆ కథేంటో తెలిస్తే కదరా ఇవ్వాలో వద్దో ఆలోచించేది, మొదట్నుంచీ చెప్పు అన్నారు. సరే కదాని రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆయన మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కాస్త కాస్త చెప్తున్నాను, పదకొండు రాత్రులైంది. తాళంచెవి ఊసెత్తితే చూద్దాంలే అంటున్నారు, పుస్తకం నా చేతికొస్తే ఈ కుర్చీ ఖాళీ అవుతుందని ఆయనకి తెలుసు. నిన్న రాత్రి వంతెన దగ్గరికొచ్చేసరికి పదకొండు దాటింది, రేపు ఆఫీసులో ఇన్‌స్పెక్షన్ ఉంది నాన్నా, మిగతాది రేపు చెప్తానని లేచి లైటాపేశాను. గుమ్మం దాటానో లేదో చీకట్లోంచి గొంతు.

"ఏరా, ఆ పిల్ల అవతలి ఒడ్డుకి చేరిందా లేదా? అది చెప్పి పో."