లక్ష మ్యాక్‌కు నలభై వేల విండోస్‌తో పోటీయా?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయిపోయే వేళకు అనంతపురం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఆపిల్ వాళ్ల మ్యాక్ ల్యాప్‌టాప్ మీద ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. "విండోస్ ల్యాప్‌టాప్ రెండేళ్లకే మూలపడుతుంది. మ్యాక్ పదేళ్లు చెక్కు చెదరదు. 8 జీబీ ర్యామ్ మ్యాక్ 16 జీబీ ర్యామ్ విండోస్‌తో సమానం. వైరస్ రాదు. అన్ని సాఫ్ట్‌వేర్లూ నడుస్తాయి. లెక్కేస్తే మ్యాకే చవక." ఇది చదివి "అప్పు చేసైనా మ్యాకే తీపిద్దామా సార్?" అని అడిగేవాళ్లూ ఉన్నారు.

ముందు చవక సంగతి. 2025 మార్చిలో ఎం4 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ 99,900 రూపాయలకు వచ్చింది. దాని పక్కన నలభై వేల విండోస్‌ను పెడితే ఏది గెలుస్తుందో చెప్పడానికి మెసేజ్ ఎందుకు? లక్షను లక్షతో పోల్చాలి. ఆ మ్యాక్‌లో స్టోరేజీ 256 జీబీ. 512 కావాలంటే అప్పట్లో ఇంకో ఇరవై వేలు, అదీ కొనేటప్పుడే. తర్వాత ర్యామ్ గానీ స్టోరేజీ గానీ పెంచుకునే దారి లేదు. స్లాట్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ అయితే వెనక మూత స్క్రూలు విప్పి ఇంకో ర్యామ్ నొక్కిస్తే సరి. పల్చటి మోడళ్లలో అక్కడా ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు, అడిగి కొనండి.

8 జీబీ 16తో సమానమన్నది 2023లో ఆపిల్ పెద్దమనిషి ఒకాయన అన్న మాటే. మరుసటి ఏడాది అక్టోబరులో ఆపిల్ తానే అప్పట్లో అమ్ముతున్న మ్యాక్‌లన్నిటికీ కనీసం 16 జీబీ చేసింది. ఇక మనం వాదించేదేముంది?

పదేళ్ల మాటా అంతే. 2017 మ్యాక్‌బుక్ ఎయిర్‌కు 2021 నాటి మ్యాక్ ఓఎస్ మాంటెరీయే ఆఖరు. యంత్రం తిరగొచ్చు, అప్‌డేట్లు రావు. వైరస్ అంటారా, 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్‌వేర్ దాదాపు ఆరు లక్షల మ్యాక్‌లకు పాకింది.

పిల్లలకు అసలు దెబ్బ తగిలేది సాఫ్ట్‌వేర్ దగ్గర. సివిల్ వాళ్ల స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్, రెవిట్, మెకానికల్ వాళ్ల సాలిడ్‌వర్క్స్, కాటియా మ్యాక్‌కు రానే రావు. ఈసీఈ వాళ్ల వివాడో విండోస్, లినక్స్‌లకే. మ్యాక్‌కు ఆటోక్యాడ్ ఒక్కటి ఉంది, విండోస్ ఆటోక్యాడ్‌లో ఉన్న సదుపాయాలన్నీ అందులో లేవు. బీకాం వాళ్ల ట్యాలీ కూడా విండోస్‌దే. ఆఖరికి పెళ్లిపత్రికలు వేసే డీటీపీ షాపులో అను ఫాంట్లతో టైపు కొట్టేదీ విండోస్ మీదే. "మ్యాక్‌లోనే విండోస్ నడిపించే ప్యారలల్స్ వేసుకోవచ్చు కదా" అంటారు. దానికి వేరే డబ్బు, పైగా అందులో నడిచేది మామూలు విండోస్ కాదు, ఆర్మ్ రకం చిప్‌ల కోసం చేసిన విండోస్. ఈ బరువైన సాఫ్ట్‌వేర్లన్నీ దానిమీద సరిగా నడుస్తాయన్న హామీ లేదు.

మ్యాక్ చెడ్డదని కాదు. బ్యాటరీలో నలభై వేల ల్యాప్‌టాప్ దాని దరిదాపులకు రాదు, తిరిగి అమ్మినా మంచి ధర పలుకుతుంది. ఐఫోన్ యాప్‌లు చేయాలంటే ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్‌లోనే ఉంటుంది. సీఎస్ఈ పిల్లకు, చేతిలో డబ్బుంటే, నేనూ వద్దనను. కాకపోతే ఎయిర్‌కు ఫ్యాన్ లేదు. వాడకానికి ఆపిల్ చెప్పిన హద్దు 35 డిగ్రీలు, మన మే నెల 40 దాటుతుంది. ఎండలో పెద్ద పని పెడితే నెమ్మదిస్తుంది.

సివిల్, మెకానికల్ సీటొచ్చిన ఇంట్లో మాత్రం అప్పు మాట ఆపండి. అదే బ్రాంచి మూడో ఏడాది సీనియర్‌ను పట్టుకుని ల్యాబ్‌లో ఏమేం వాడుతున్నారో రాయించుకుని, ఆ కాగితంతో షాపుకు పోండి.