ఆ పెద్దాయన ఫోటో రిపోర్టులో పెట్టకండి

వేరే దేశాల్లో పల్లెటూళ్ళకి మిషనరీలుగా వెళ్ళిన మన పిల్లలు తమ పని గురించి రాసి, ప్రార్థించమని పంపే రిపోర్టులు, అదే ప్రేయర్ లెటర్లు, మీలో కొందరికైనా వస్తూనే ఉంటాయి. వాటిలో దాదాపు ప్రతిసారీ ఒక ముసలాయనో ముసలమ్మో ఉంటారు. మనవాడు ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని నవ్వుతూ కూర్చుని ఉంటాడు, కింద "ఈ తాతగారు ఇంకా ప్రభువును తెలుసుకోలేదు, ప్రార్థించండి" అని ఒక లైను. ఆ లైను మీద నాకేం పేచీ లేదు, మిషనరీ ప్రార్థన అడక్క ఇంకేం అడుగుతాడు. నా పేచీ ఆ ఫోటోతోనే. ఆ తాతగారు మనవాణ్ణి స్నేహితుడనుకుంటున్నారు. ఎక్కడో ఒక చర్చిలో తెర మీద తన మొహం కనబడుతోందని, దాని కింద తన గురించి "ఇంకా" అని రాసి ఉందని ఆయనకి తెలీదు.

ఈ పత్రిక చదివేవాళ్ళలో క్రైస్తవులు కానివాళ్ళు చాలామందే ఉన్నారు, "వెళ్ళేదే మతం మార్చడానికి, మళ్ళీ స్నేహమేమిటి" అని ఈపాటికే అనుకుని ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. నేను విశ్వాసిని, సువార్త చెప్పడం తప్పని అనను. కానీ తాను ఎందుకొచ్చాడో మిషనరీ మొదట్లోనే దాచకుండా చెప్పెయ్యాలి, ఆ పెద్దాయన "వద్దు బాబూ, నా దేవుడు నాకున్నాడు" అన్నాక కూడా మర్నాడు వెళ్ళి ఆయన పక్కన కూర్చోగలగాలి. వెళ్ళలేకపోతే అంతకుముందు కూర్చున్న రోజులన్నీ దేనికోసమో ఆయనకి అర్థమైపోతుంది. ముసలివాళ్ళు అమాయకులని మనం అనుకుంటాం గానీ, పనుండి వచ్చేవాళ్ళని జీవితమంతా చూసినవాళ్ళు వాళ్ళు.

అసలు మిషనరీలు ముసలివాళ్ళతోనే ఎందుకు ముందు కలిసిపోతారో చూడండి. పగలు పనికి పోయేవాళ్ళు పోతారు, పిల్లలు బడికి పోతారు, ఊళ్ళో మిగిలేది వాళ్ళే. కొత్తగా దిగినవాడికి భాష రాదు, ఎవరింటికి వెళ్ళాలో తెలీదు, టెన్షన్. ఆ సమయంలో తప్పులు మాట్లాడినా విసుక్కోకుండా, అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పి పలికించే ఓపిక పెద్దవాళ్ళకే ఉంటుంది. (వాళ్ళ దగ్గర నేర్చుకున్న భాష ఆ ఊరి కుర్రాళ్ళ ముందు మాట్లాడితే నవ్వుతారు, అది వేరే సంగతి, పాతకాలపు మాటలు కదా.) ఏ ఇంటికి ఏ ఇంటితో పడదు, ఏ పొలం తగాదా ఎప్పటిది, ఇంతకుముందు వచ్చిన విదేశీయులు ఏం మాటిచ్చి ఏం చెయ్యకుండా పోయారు, ఇవన్నీ చెప్పేది కూడా వాళ్ళే. అంటే మొదటి కొన్ని నెలలు ఇచ్చేది పూర్తిగా వాళ్ళు, తీసుకునేది మిషనరీ. మరి లెటర్లలో అది తలకిందులుగా ఎందుకు కనిపిస్తుంది? "మేము వృద్ధులకు పరిచర్య చేస్తున్నాము" అని రాస్తారు. ఎవరు ఎవరికి చేస్తున్నారండీ?

ఇది కొత్త ఫిర్యాదు కాదు. 1910లో స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులు, అందులో ఆసియావాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. వాళ్ళలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఒకరు. తమిళుడు, మన డోర్నకల్ ప్రాంతానికి తానే మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నవాడు, 1912లో అక్కడే బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండు చర్చి నుంచి వచ్చిన శాఖ) మొదటి భారతీయ బిషప్. ఆయన ఆ సభలో మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుని, మీరు బీదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. సభలో చాలామందికి అది రుచించలేదు. తెల్లవాళ్ళ పెత్తనం గురించి అన్న మాట కాబట్టి మనకి వర్తించదనుకుంటే పొరపాటే. ఇవాళ వేరే దేశపు పల్లెలో పాస్‌పోర్టూ, డబ్బూ, వెనకాల సంఘం ఉన్నది మనవాడికి, అవేవీ లేనిది ఆ ముసలాయనకి.

ఇంకొకటి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగినా, కూటి కోసం అడుగుతున్నారేమోనని కరువు కాలంలో ఇవ్వకుండా ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మందికి ఇచ్చారు. అందరూ ఆ అంకె చెప్పుకుంటారు, నాకు ఆ ఆపడమే పెద్దదిగా కనిపిస్తుంది. ఒంటరితనం కూడా ఒక కరువే. పిల్లలు పట్నం పోయి, మాట్లాడే మనిషి లేక కూర్చున్న ముసలమ్మ, రోజూ వచ్చి పలకరించే కుర్రాడు ఏమడిగినా సరేనంటుంది, అనకపోతే రేపటినుంచి రాడేమోనని. ఆ "సరే"ని ఆమె విశ్వాసానికి సాక్ష్యంగా రాసుకోవడానికి చెయ్యెలా వస్తుంది?

ఫోటో వల్ల వచ్చే చిక్కు ఉత్త మర్యాదది మాత్రమే కాదు. నేపాల్ సంగతే తీసుకోండి, 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం మతం మార్చడం నేరం, ఐదేళ్ళ దాకా జైలు, విదేశీయుడైతే శిక్షయ్యాక దేశం నుంచి పంపేస్తారు. మనవాడికి వెళ్ళడానికి ఇల్లుంది. ఫోటోలో ఉన్న పెద్దాయన మాత్రం ఆ ఊళ్ళోనే, ఆ కొడుకులూ కోడళ్ళ మధ్యే ఉండాలి. చట్టం లేని చోట కూడా "ఆ విదేశీవాడు రోజూ ఎందుకొస్తున్నాడు, పొలం రాయించుకుంటాడా" అని ఇంట్లోవాళ్ళు అనుమానపడితే మాట పడేది ఆయనే. అందుకే ముందు ఇంట్లోవాళ్ళతో పరిచయం చేసుకుని, వాళ్ళున్నప్పుడు వెళ్ళడం మంచిది. డబ్బులూ మందుబిళ్ళలూ చేతిలో పెట్టడం అసలు వద్దు.

ఇక తిరిగొచ్చెయ్యడం. దీని గురించి శిక్షణలో ఎవరూ సరిగా చెప్పరు. కుర్రాడికి రెండేళ్ళ తర్వాత వేరే ఊరు, ఉద్యోగం, పెళ్ళి ఉంటాయి. ఎనభై ఏళ్ళాయనకి కొత్త స్నేహితుడు మళ్ళీ దొరకడం కష్టం. ఎప్పుడు వెళ్ళిపోతున్నాడో ఆయనకి ముందే చెప్పాలి, వెళ్ళాక ఫోన్ చెయ్యాలి, ఆయనకి వినపడకపోతే పక్కింటి పిల్లాడికి చేసి కబురు చెప్పించాలి. ఆయన పోయాడని తెలిస్తే కొడుక్కి ఫోన్ చేసి నాలుగు మాటలు మాట్లాడాలి. ఇంత చెయ్యలేని కొన్ని వారాల ట్రిప్పులవాళ్ళు వెళ్ళొద్దని కాదు, పలకరించి రండి, "మా తాత" అని మాత్రం పిలవకండి.

మా సంఘంలో ఈ మాటంటే ఒక పెద్దమనిషి, "ఫోటోలు లేకపోతే కానుకలిచ్చేవాళ్ళకి ఏం చూపిస్తామండీ" అన్నారు. తవ్విన బావి ఉంటే అది చూపించండి, బడి కడితే బడి చూపించండి, ఖర్చుల లెక్క పైసాతో సహా చూపించండి. ముసలాయనతో స్నేహం గురించి అడిగితే, అది వాళ్ళిద్దరి మధ్య విషయమని చెప్పండి. అది విని కానుక మానేసేవాళ్ళుంటే మానెయ్యనివ్వండి.