అలకపాన్పు దిగొచ్చిన అలక గారికి

మహారాజశ్రీ అలక గారికి,

పెళ్లిలో మీకు ఏకంగా ఒక పాన్పే వేశారు. పెళ్లికొడుకు మూతి ముడుచుకుంటాడు, మామగారు ఉంగరమో స్కూటరో ఒప్పుకుంటారు, అల్లుడు లేస్తాడు. గంటలో తేలిపోయే ముచ్చట. మీరేమో పాన్పు దిగి నేరుగా కాపురంలోకి వచ్చేశారు.

ఇప్పుడు మీ డ్యూటీ ఇదీ. కరెంటు బిల్లు ఎందుకు కట్టలేదని ఆవిడ అడుగుతుంది. ఆయన ఫోన్లో తల దూరుస్తాడు. ఆవిడ గొంతు పెంచుతుంది. ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. మూడో రోజుకి "మీ నాన్నగారిని అన్నానికి రమ్మనరా" అని కబురు. పిల్లాడికి ఎనిమిదేళ్లకే తపాలా శాఖలో ఉద్యోగం! ముందు ఎవరు మొదలెట్టారంటే ఇద్దరూ ఎదుటివాళ్లనే చూపిస్తారు. గానుగెద్దు నడకకి మొదలెక్కడ? ఆయన ముడుచుకున్నకొద్దీ ఆవిడ గట్టిగా అడుగుతుంది, ఆవిడ అడిగినకొద్దీ ఆయన ముడుచుకుంటాడు.

మీ గుట్టు ఎప్పుడో బయటపడింది లెండి. అమెరికాలో జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ అనే సైకాలజిస్టులు 1980లలోనే దంపతులను వాదించుకోమని, వీడియో తీస్తూ గుండె వేగం కొలిచారు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నవాడికి లోపల దడదడే. గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటుంటే ఎంత మంచి మాటైనా బుర్రకెక్కడం కష్టం. ఆ కంగారుకి మీరు "పౌరుషం" అని పేరు పెట్టి అమ్ముకుంటున్నారు.

అందుకని ఇకపై, మాట వేడెక్కగానే మణికట్టు దగ్గర 15 సెకన్లు నాడి లెక్కపెడతాం. 25 దాటితే ఆపేస్తాం. ఆపేటప్పుడు "బుర్ర పనిచేయట్లేదు, తొమ్మిదిన్నరకి మాట్లాడుకుందాం" అని టైము చెప్పి లేస్తాం. టైము చెప్పకుండా లేచామా, అది మీ ఖాతాలోకే. విరామం కనీసం 20 నిమిషాలు. అందులో మొక్కలకు నీళ్లు పోయొచ్చు, బట్టలు మడతపెట్టొచ్చు. "అసలు ఎంత మాటంది!" అని లోపల రీలు తిప్పుతూ కూర్చుంటే మాత్రం గంటైనా దడ తగ్గదు. చాలామంది బోర్లాపడేది ఇక్కడే. తొమ్మిదిన్నరకి మాట ఎత్తాల్సింది ఆపినవాళ్లే. అడిగేవాళ్లు కూడా "మీరెప్పుడూ ఇంతే" మానేసి, "రేపే ఆఖరు తేదీ, ఫైన్ పడుతుందని కంగారుగా ఉంది, ఇవాళ కడతారా?" అనాలి.

ఒక్క మాట. భయపెట్టి లొంగదీసుకోవడానికి, డబ్బూ ఫోనూ లాక్కుని చేసే మౌనం మీ వంశం కాదు. దానికి నాడి లెక్కలు పనికిరావు, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది.

మీ పాన్పు అటకెక్కించాం. మేనల్లుడి పెళ్లికి దింపుతాం, గంటసేపే.

ఇట్లు,
తపాలా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన పిల్లాడి తరఫున