పదానికి కాదు, అర్థానికి కూలి ఇవ్వండి

అనువాదకుల కూలి విషయంలో ప్రపంచం చేస్తున్న అన్యాయాన్ని ఇక ఉపేక్షించడానికి వీల్లేదు. మాకు పదానికి ఇంత అని లెక్కగడతారు. ఇంగ్లిష్‌లో 'ఫోటోసింథసిస్' ఒక పదం, 'రన్' ఒక పదం. రెండిటికీ ఒకటే రేటు.

మొదటిదాన్ని స్పానిష్‌లో పెట్టడానికి నేను నిద్ర కూడా లేవక్కర్లేదు. 'ఫొతొసింతెసిస్', అయిపోయింది. 'డెమోక్రసీ' ఇస్తే 'దెమొక్రాసియా'. గ్రీకు, లాటిన్ మూలాల నుంచి వచ్చిన ఈ భారీ పదాలన్నీ స్పానిష్‌కు చుట్టాలే. తలుపు తీస్తే చాలు, వాళ్లే లోపలికొచ్చి కూర్చుంటారు. ప్రాణాలు తోడేసేవి మూడు నాలుగు అక్షరాల పిట్ట పదాలు.

'రన్' సంగతే చూడండి. మనిషి పరిగెడితే కొర్రేర్. యంత్రం నడిస్తే ఫున్సియొనార్. కంపెనీని నడిపితే దిరిహిర్. కంప్యూటర్‌లో ప్రోగ్రాం నడిపితే ఎహెకుతార్. ముక్కు కారినా ఇంగ్లిష్‌వాడికి అది పరుగే, స్పానిష్‌లో దానికి మళ్లీ వేరే క్రియ వెతకాలి. ఎన్నికలు మరీ విచిత్రం. మనం నిలబడే చోట అమెరికావాడు పరిగెడతాడు, స్పానిష్‌వాడు తనను తాను సమర్పించుకుంటాడు. ఫలితం మాత్రం ఎక్కడైనా ఒకటేననుకోండి.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు వాళ్లు ఈ ఒక్క క్రియకు 645 అర్థాలు తేల్చారు. అందుకు ఒక సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చున్నారట. బిడ్డ పుట్టేంత కాలం! నాకిచ్చే గడువు సాయంత్రం దాకా.

మొన్న ఒక ఫైల్ వచ్చింది. ఒక గడిలో 'సేవ్' అని ఉంది. ముందేమీ లేదు, వెనకేమీ లేదు. దాచిపెట్టడమైతే గ్వర్దార్, డబ్బు పొదుపైతే అఒర్రార్, ప్రాణం కాపాడితే సల్వార్, గోల్‌కీపర్ బంతి ఆపితే పరాదా. ఇందులో ఏది అని క్లయింటును మర్యాదగానే అడిగాను. 'ఒక్క పదమే కదండీ, ఇచ్చేయండి' అన్నారు. ఇచ్చేశాను, గ్వర్దార్ అని. అది పొదుపు ఖాతా యాప్ అని తర్వాత తెలిసింది. తప్పు ఎవరిదయిందో చెప్పక్కర్లేదు.

'ఫ్రీ' అనే పదమైతే ఇంగ్లిష్‌వాళ్లనే ముంచింది. సాఫ్ట్‌వేర్‌ను వాడుకునే, మార్చుకునే స్వేచ్ఛ అందరికీ ఉండాలనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 1985లో పుట్టింది. అప్పట్నుంచీ 'ఫ్రీ అంటే ఉచితం కాదు బాబూ, స్వేచ్ఛ' అని వాళ్లు వివరణ ఇచ్చుకుంటూనే ఉన్నారు. స్పానిష్‌లో ఆ గొడవే లేదు, స్వేచ్ఛకు లిబ్రె వేరు, ఉచితానికి గ్రాతిస్ వేరు. చివరికి ఆ 'లిబ్రె'నే కొందరు ఇంగ్లిష్‌లోకి అరువు తెచ్చుకున్నారు. అరువు మీద వడ్డీ ఎవరికి రావాలో నేను ప్రత్యేకంగా చెప్పాలా?

కాబట్టి నా డిమాండ్ ఒక్కటే. కూలి పదానికి కాదు, అర్థానికి ఇవ్వాలి. 'రన్' కనబడితే 645 రెట్లు. 'ఫోటోసింథసిస్'కు సగం రేటు చాలు, అన్యాయంగా తినే రకం కాదు నేను. గడిలో ఒంటరిగా దొరికిన పదానికి అనాథ సంరక్షణ కింద అదనపు భత్యం.

ఈ లెక్కన కొత్త బిల్లు తయారుచేసి క్లయింటుకు పంపాను. నిన్న జవాబు వచ్చింది. ఒకే ఒక్క పదం: 'ఫైన్'.

సరే అన్నారో, జరిమానా వేశారో. బియెన్ అనుకోవాలా, ముల్తా అనుకోవాలా? ముందేమీ లేదు, వెనకేమీ లేదు. అడిగితే ఒక్క పదమే కదండీ అంటారు. ప్రస్తుతానికి 'ఎస్పెరార్' చేస్తున్నాను. ఎదురుచూడటానికీ, ఆశపడటానికీ స్పానిష్‌లో అదొక్కటే మాట. దీనికి మాత్రం డబ్బులు అడగను.