సవరణ: వెండింగ్ కమిటీలో ఎవరుంటారంటే

ఒడిశాలోని బరంపురంలో వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీ గురించి మొన్నటి పోస్టులో "సభ్యులందర్నీ ప్రభుత్వమే నియమిస్తుంది" అని ఉంది. అది సరికాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్లను ఎవరూ నియమించరు, వ్యాపారులే ఎన్నుకుంటారు. అందులో మూడో వంతు ఆడవాళ్లు. నియామకాలన్నీ మిగతావాళ్లకే: ప్లానింగ్ అధికారులు, ట్రాఫిక్ పోలీసులు, వైద్యాధికారి, కాలనీ సంఘాలు, బ్యాంకులు, కనీసం 10 శాతం స్వచ్ఛంద సంస్థలవాళ్లు. అధ్యక్షత మున్సిపల్ కమిషనర్‌ది.

మరి ఆర్కిటెక్టు సంగతేంటని కొందరు అడిగారు. చట్టంలో ఆ పేరుతో సీటు లేదు గానీ, సలహా కావాలంటే కమిటీ ఎవరినైనా పిలుచుకోవచ్చు. పిలిస్తే మంచిదే. కాకపోతే పెద్ద బజారులో గంప ఎక్కడ దించితే బండ్లకు అడ్డం రాదో, మధ్యాహ్నం ఎండ ఏ పక్కకు తిరుగుతుందో కూరగాయలమ్మే అమ్మకు తెలిసినంతగా డ్రాయింగు గీసేవాళ్లకు తెలుస్తుందా?

ఊళ్లో ఎక్కడెక్కడ అమ్ముకోవచ్చో చెప్పే వెండింగ్ ప్లాన్ ఐదేళ్లకోసారి తయారుచేయాలి. మీ వీధిలో అమ్ముకునేవాళ్లకు ఒడియా చదవడం రాకపోతే, కమిటీ ఎన్నికల నోటీసు వచ్చినప్పుడు కాస్త చదివి చెప్పండి.