మా అమ్మమ్మ ఆందోళన చెయ్యలేదండీ, ఆవిడది గుబులు

కాఫీ చల్లారిపోయింది, పొయ్యి మీద పప్పు ఏమైందో కూడా చూడలేదు. ముందు ఇది రాసేస్తే గానీ నా ఒళ్ళు చల్లబడదు.

మా అపార్ట్‌మెంటుకి పదేళ్ళు నిండాయని సావనీరు వేస్తున్నారు. "మీరు బాగా రాస్తారటగా, ఓ పేజీ ఇవ్వండమ్మా" అని లిఫ్టులో మూడుసార్లు అడిగారు. మొహమాటపడి, మా అమ్మమ్మ గురించీ రాజమండ్రి గురించీ ఒక పేజీ రాసిచ్చాను. ఇవాళ పొద్దున్న ప్రూఫు వచ్చింది, మా బ్లాకు పెద్దాయన దిద్ది పంపారు. చదువుతుంటే ఎవరి అమ్మమ్మో అనిపించింది.

నేను రాసింది: "కొవ్వూరు లాంచీ రావడం కాస్త ఆలస్యమైతే చాలు, అమ్మమ్మకి గుబులు."

ప్రూఫులో ఉన్నది: "తాతగారి లాంచీ ఆలస్యమైన సందర్భాలలో అమ్మమ్మగారు ఆందోళనకు గురయ్యేవారు."

ఆందోళనట! మా అమ్మమ్మ రేవులో టెంటు వేసుకుని, ఎర్రజెండా పట్టుకుని, లాంచీల యాజమాన్యం డౌన్ డౌన్ అందన్నమాట. రోజూ పేపర్లో ఆందోళన అంటే ఏముంటుందండీ? అంగన్‌వాడీ వాళ్ళ ఆందోళన, ఆర్టీసీ వాళ్ళ ఆందోళన. గుబులు అలాంటిదా? గుబులుకి నినాదాలుండవు. గు, బు, లు... మూడక్షరాలూ కడుపులోకి దిగబడతాయి. పెదాలు ముందుకొస్తాయి, గొంతు లోపలికి పోతుంది. ఆ మాట అంటుంటేనే మనిషి సగం గుబులుగా కనిపిస్తాడు. కావాలంటే అద్దం ముందు నిలబడి అనండి.

సరే, అదొక్కటే అయితే ఊరుకునేదాన్నేమో. "పట్టపగలు ఇల్లంతా చీకటిగా ఉండేది" అని రాస్తే "ఉదయం పదకొండు గంటల సమయంలో కూడా ఇంట్లో వెలుతురు తక్కువగా ఉండేది" అని మార్చారు. పదకొండని ఆయనకెవరు చెప్పారు? మా అమ్మమ్మ ఇంట్లో గోడ గడియారమే లేదు. పగలుని రెండుసార్లు గట్టిగా అంటే పట్టపగలవుతుందని, కడ కట్టకడ అవుతుందని, తుద తుట్టతుద అవుతుందని చిన్నయసూరి 1858లోనే బాలవ్యాకరణంలో సూత్రం రాసి పెట్టాడు. ఆ "ట్ట" ఏ అర్థంతో వచ్చింది? ఏ అర్థమూ లేదు. చప్పుడు కోసం వచ్చింది. వ్యాకరణం రాసే పండితుడే చప్పుడుకి కుర్చీ వేసి కూర్చోబెడితే, మా బ్లాకు పెద్దాయన లేపి బయటికి పంపారు.

ఫోన్ చేశాను. చెయ్యకుండా ఉండాల్సింది.

"అమ్మా, మీరు గోదావరి గలగలా పారుతోందని రాశారు. రాజమండ్రి దగ్గర గోదావరి గలగలా పారదమ్మా. నేను ముప్పై ఏళ్ళు ఇరిగేషన్‌లో చేశాను. గలగలమనాలంటే వాలుండాలి, రాళ్ళుండాలి, నీరు పల్చగా ఉండాలి. అక్కడ కింద ధవళేశ్వరంలో అడ్డం కట్టేశారు కదా, నీళ్ళు నిలబడి ఉంటాయి. అందుకే 'ప్రశాంతంగా ప్రవహించే' అని పెట్టాను."

తర్వాత ఇరవై నిమిషాలు కాటన్ దొర, 1852 ఆనకట్ట, తర్వాత కట్టిన బ్యారేజీ, పాపికొండల దగ్గర ఇరుకు, కిందికొచ్చాక వెడల్పు. అన్నీ విన్నాను. నా ఒళ్ళు మండింది ఎందుకో తెలుసా? ఆయన చెప్పింది నిజం. ఆ రేవులో గోదారి గలగలా పారదు. నూనె పోసినట్టు ఉంటుంది, కదులుతోందో లేదో కూడా తెలియదు. అది నాకు తెలియదా? పుట్టి పెరిగింది అక్కడే కదా. తెలిసే గలగల అని రాశాను. ఎందుకో ఆయనకి చెప్పలేకపోయాను. అప్పటికి నోరు పెగల్లేదు.

పైగా ఈయన ఉంటున్న అపార్ట్‌మెంటు పేరులో "లేక్ వ్యూ" ఉందండోయ్. ఐదో అంతస్తు బాల్కనీలో నిలబడి మెడ సాచి చూసినా నీళ్ళ ట్యాంకరు తప్ప నీళ్ళు కనపడవు. పదేళ్ళుగా ఆ బోర్డు కింద నుంచే రోజూ కారులో వస్తూ పోతూ ఉన్నారు. అక్కడ ఇరిగేషన్ గుర్తు రాలేదు. బ్రోచర్లో "ప్రకృతి ఒడిలో" అని చదివి డబ్బు కట్టినప్పుడు, ప్రకృతికి ఒడి ఎక్కడుంటుందండీ అని బిల్డర్ని అడగలేదు. లెక్కలన్నీ నా ఒక్క పేజీ దగ్గరే.

నిజాన్ని కొలబద్ద పెట్టి కొలిచి మాట్లాడాలంటే తెలుగింట్లో ఎవరూ నోరు తెరవక్కర్లేదు. డబ్బాలో బియ్యం అయిపోతే మా అమ్మమ్మ "బియ్యం నిండుకున్నాయే" అనేది. ఖాళీ అయినదాన్ని నిండింది అనేది! దీపం ఆరిపోతే కొండెక్కిందనేది. మంగళసూత్రం తెగితే పెరిగిందనేది. గుమ్మం దాటే మనిషి "వెళ్తున్నా" అంటే కసిరేది, "వెళ్ళొస్తా" అనాలి. ఒంటి మీద పొక్కులొస్తే అమ్మవారు పోసింది. రాత్రిపూట పాము కనిపిస్తే పురుగు. మా పెద్దాయన ఆ వంటింట్లో ఒక్క పూట ఉంటే చాలు, "అమ్మా, బియ్యం నిండుకోలేదు, శూన్యమయ్యాయి" అని చెప్పి గరిటె దెబ్బ తినేవారు.

వంటింటి సంగతి వదిలేయండి, పండితులకీ ఇది కొత్త కాదు. మాకు ఎమ్మేలో మొట్టమొదట నేర్పిన ఉదాహరణ "గంగాయాం ఘోషః". గంగలో గొల్లపల్లె. గంగలో పల్లె ఎలా ఉంటుంది, కొట్టుకుపోదూ? గంగ ఒడ్డున అని సర్దుకుంటాం. మరి ఒడ్డున అనే అనొచ్చుగా? అంటే ఆ చల్లదనం రాదు, ఆ పావనం రాదు. అలా తప్పుగా అన్నందుకే ఆ పల్లె మీద గంగ గాలి వీస్తుంది. కాశ్మీరంలో తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు ఈ ధ్వని మీద, అంటే మాట వెనక తోచే అర్థం మీద, గ్రంథమే రాసిపోయాడు. అప్పుడు మా పెద్దాయన ఉంటే "గంగానదికి ఎడమగట్టున, వరదమట్టానికి ఎగువన" అని దిద్దేవారు. పైన సర్వే నంబరు కూడా వేసేవారు.

మన పద్యం సంగతి ఇంకా అడగకండి. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి కూర్చోకపోతే కవి ఏనుగుని కరి అంటాడు, దంతి అంటాడు, ద్విరదం అంటాడు, చెవికి ఏది ఒదిగితే అది. అది ఏ అడవి ఏనుగు, ఎన్ని టన్నులు అని అడిగినవాడు లేడు. ఇతరులు తన అక్షరరమ్యతను ఆదరిస్తారని నన్నయ భారతం మొదట్లోనే చెప్పుకున్నాడు. వెయ్యేళ్ళ నాటి మాట! ఇప్పుడు మనకి ఆదరించేది స్పెల్‌చెక్కు.

ఇదంతా ఆ సావనీరు గురించేనా అని మీరు అడుగుతారు. కాదులెండి. నా పాత పోస్టులు చదివినవాళ్ళకి తెలుసు, ఈ మంట ఎక్కడ మొదలైందో.

నాన్న పోయినప్పుడు పేపర్లో వెయ్యడానికి రెండు వాక్యాలు రాశాను. "నాన్న పొద్దున్నే వెళ్ళిపోయాడు. రేడియో ఇంకా మోగుతూనే ఉంది." అంతే. మా బావగారు ఆ కాగితం తీసుకుని పేపరాఫీసుకి వెళ్ళారు. మర్నాడు చూస్తే "స్వర్గస్థులైనారని తెలియజేయుటకు మిక్కిలి చింతిస్తున్నాము". అడిగితే, "వెళ్ళిపోయాడంటే ఎక్కడికని అడుగుతారమ్మా. రేడియో సంగతి జనానికెందుకు, లైనుకింత అని డబ్బులాయె." మరి స్వర్గస్థులంటే ఎక్కడికో ఈయనకి చీటీ వచ్చిందా? ఆ అబద్ధం అందరూ వాడేది కాబట్టి నిజం. నా రేడియో నిజంగా మోగింది, నేనే వెళ్ళి కట్టేశాను, అది మాత్రం అనవసరం. బావగారికి నేనంటే ప్రాణం, కర్మలన్నీ దగ్గరుండి చేయించారు, ఆ రుణం తీరదు, అది వేరే సంగతి. ఆ పేపరు కటింగు మా అక్క లామినేషన్ చేయించి హాల్లో పెట్టింది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా అటు వీపు పెట్టి కూర్చుంటాను. కూర్చోవడానికి అనువుగా ఉంటుందని చెబుతాను.

ఆయన్నెలాగూ ఏమీ అనలేకపోయాను. ఆ బాకీ అంతా ఇవాళ ఈ పెద్దాయన మీద పడిందేమో. పడనీండి.

గలగల గురించి ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను. కోటిలింగాల రేవులో ఆఖరి మెట్టు మీద అమ్మమ్మ వంగి బిందె ముంచేది. రెండు చేతులకీ మోచేతి దాకా మట్టిగాజులు. ముంచినప్పుడొకసారి, ఎత్తినప్పుడొకసారి. నాకప్పుడు ఆరేళ్ళు, పై మెట్టు మీద కూర్చుని అది నీళ్ళ చప్పుడే అనుకునేదాన్ని. తాతయ్య పోయాక కూడా నన్ను రేవుకి తీసుకెళ్ళేది. బిందె ముంచేది. గోదారి చప్పుడు చేసేది కాదు.

దీన్ని "ప్రశాంతంగా ప్రవహించే" అని దిద్దారు.

మళ్ళీ ఫోన్ చేశాను, ఇప్పుడే. గలగల తీసేస్తే తీసెయ్యండి, పదకొండు గంటలు కూడా ఉంచుకోండి, గుబులు ఒక్కటి నాకు తిరిగి ఇచ్చెయ్యండి అన్నాను. "పేజీ సెట్ అయిపోయిందమ్మా, మాటలు మారిస్తే లైన్లు జరిగిపోతాయి, స్థలం లేదు" అన్నారు.

ఆందోళన నాలుగక్షరాలండీ, గుబులు మూడే, మీరే కొలుచుకోండి అన్నాను.

చూసి చెబుతానన్నారు.