కార్డు లేని బేల్దారి

2024 జులైలో కర్ణాటక ప్రభుత్వం ప్రైవేటు కొలువుల్లో స్థానికులకు కోటా ఇస్తామంటూ బిల్లు తెచ్చింది. మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగతా వాటిలో 70 శాతం. ఐటీ కంపెనీలు గగ్గోలు పెట్టాయి. మా రాష్ట్రానికి రండని ఆంధ్రప్రదేశ్ మంత్రి ఆహ్వానం పలికారు. బిల్లు మూలన పడింది. 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేసింది ఆంధ్రప్రదేశే అన్న సంగతి ఆ సందడిలో పెద్దగా వినపడలేదు. అంతకంటే బాధ కలిగించేది, ఇళ్లు కట్టే బేల్దారి కూలీ ఊసే అక్కడ లేకపోవడం.

బెంగళూరులో తెలుగువాళ్లంటే లాప్‌టాప్ బ్యాగులు తగిలించుకున్నవాళ్లు మాత్రమే కాదు. కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస వచ్చే కుటుంబాలున్నాయి. వాన మొహం చాటేసిన ఏడాది ఇంటికి తాళమేసి, ముసలివాళ్లను ఇరుగుపొరుగుకు అప్పజెప్పి బస్సెక్కే మడకశిర, కదిరి రైతులున్నారు. వర్తూరు, సర్జాపుర వైపు అపార్ట్‌మెంట్ల వెనక రేకుల షెడ్లలో వీళ్ల కాపురం. తెల్లవారకముందే వంట ముగించి, డబ్బా కట్టుకుని సైటుకు వెళ్లాలి. మేస్త్రీ వారం వారం ఖర్చులకు కొంత ఇస్తాడు, మిగతాది లెక్కలో ఉంటుంది. ఆ లెక్క మేస్త్రీ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా ఉండదు. చంటిపిల్లలు ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాలలో నిద్రపోతుంటారు. యాభై మందికి మించి మహిళలు పనిచేసే చోట పిల్లల కోసం గది ఉండాలని 1996 నాటి చట్టమే చెప్పింది. ఎన్ని సైట్లలో ఉందో తనిఖీ అధికారులు చెప్పాలి.

ఈ కూలీల పేరు మీద డబ్బు మాత్రం వసూలవుతూనే ఉంది. నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు, అంటే ప్రత్యేక పన్ను. కోటి రూపాయల కట్టడమైతే లక్ష రూపాయలు కార్మిక సంక్షేమ బోర్డుకు జమ కావాలి. పిల్లల చదువు, కాన్పు, వైద్యం, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి సాయం, అన్నీ ఆ నిధి నుంచే. దేశమంతటా రూ.37,400 కోట్లకు పైగా వసూలైతే కార్మికుల కోసం వాడింది సుమారు రూ.9,500 కోట్లేనని 2018 మార్చిలో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

డబ్బు ఉండీ కూలీకి ఎందుకు అందదు? బోర్డులో పేరు ఎక్కి కార్డు రావాలంటే గత ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు చూపాలి. మూడు వారాలకో సైటు మారే మనిషికి ఆ కాగితం ఎవరిస్తారు? మేస్త్రీ సంతకం పెట్టడు, బిల్డరుకు కూలీ పేరే తెలియదు. నకిలీ కార్డులు పెద్ద ఎత్తున ఉన్నాయని కర్ణాటక ప్రభుత్వం వాటిని ఏరేస్తోంది. ఏరేయాల్సిందే. కానీ ఆ కట్టుదిట్టం అసలు కూలీని గుమ్మం బయటే ఆపేస్తే ఏం లాభం? 2024 అక్టోబర్‌లో బెంగళూరులోని బాబుసాపాళ్యలో కడుతున్న భవనం కుప్పకూలి కార్మికులు చనిపోయారు. అలాంటి రోజున కార్డు ఉన్న ఇంటికీ లేని ఇంటికీ ఉండే తేడా చిన్నది కాదు.

మిగతా పథకాలదీ ఇదే కథ. కర్ణాటక 'శక్తి' ఉచిత బస్సు ఇక్కడి చిరునామా ఉన్న మహిళలకే. ఆంధ్ర 'స్త్రీ శక్తి' సరిహద్దు దాటి పనిచేయదు. మడకశిర నుంచి వచ్చిన ఆడకూలీ రెండు ఉచితాల మధ్య రోజూ టికెట్ కొంటోంది. రేషన్ ఎక్కడైనా తీసుకోవచ్చన్న మాట నిజమే, అయితే అది కేంద్ర ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డులకే. రాష్ట్రం తన ఖర్చుతో ఇచ్చిన బియ్యం కార్డు సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది.

కూలీ అవసరం మాత్రం అందరికీ ఉంది. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, బిల్డర్లతో సమావేశం తర్వాత వలస కూలీలను ఇళ్లకు చేర్చే రైళ్లు వద్దని కర్ణాటక సర్కారు రైల్వేకు లేఖ రాసింది. దేశమంతా మండిపడితే గాని వెనక్కి తగ్గలేదు. ఇళ్లకు పోనివ్వనంత అవసరమైన మనుషులకు ఒక కార్డు ఇవ్వడానికి ఇన్ని అడ్డంకులా?

పాత కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కేంద్ర లేబర్ కోడ్‌లలో ఒక మంచి నిబంధన ఉంది. వలస కూలీ రేషన్‌ను సొంత రాష్ట్రంలోనైనా, పనిచేసే రాష్ట్రంలోనైనా ఎంచుకునేలా, సెస్సు నిధి సాయం పనిచేసే చోటే అందేలా పథకం తేవాలి. ఆ కోడ్‌ల మీద కార్మిక సంఘాల అభ్యంతరాల్లో చాలావాటితో మేం ఏకీభవిస్తాం. ఈ నిబంధనను మాత్రం వదులుకోకూడదు. రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు కూర్చుని ఆదోని, హిందూపురం బస్టాండ్లలోనే నమోదు మొదలుపెట్టాలి. రోజు పనిని రుజువు చేసే బాధ్యత కూలీ మీద కాకుండా సెస్సు కట్టే బిల్డరు మీద పెట్టాలి. సైటులో హాజరు రాస్తేనే తర్వాతి అనుమతి ఇవ్వాలి.

బెంగళూరులో ఇల్లు కట్టుకుంటున్న తెలుగువాళ్లు ఆ రోజు దాకా ఆగక్కర్లేదు. మీ ఇంటి పనిలో ఉన్న కూలీలు ఎన్ని రోజులు పనిచేశారో రాసి, సంతకం పెట్టి వాళ్ల చేతికివ్వండి. మేస్త్రీతో కూడా పెట్టించండి.